లోకమర్యాదయు నూతనబుద్ధియు

పౌలు రోమాపురమునందలి క్రైస్తవులకు వ్రాసిన లేఖ క్రీస్తుశకము 57 ప్రాంతమునాటిదని పండితులు చెప్పుదురు. అందు పండ్రెండవ యధ్యాయము మొదట నొక చిన్న వాక్యము గలదు. లోకము పోసిన మూసలో ఒదిగి యుండవలదనియు, బుద్ధి క్రొత్తదగుటచేత మనుష్యుడే మారవలయుననియు, అట్లు మారినవాడే దైవచిత్తమెట్టిదో పరీక్షించి యెరుగగలడనియు దాని తాత్పర్యము. ఈ వాక్యమునకు వ్యాఖ్యానములు వ్రాసినవారు పెక్కుమంది. వారి పాండిత్యమును తక్కువచేయుట మా యుద్దేశము కాదు. కాని ధర్మవాక్యమునకు నిజమైన వ్యాఖ్యానము దానిని నమ్మి బ్రదికినవారి జీవితములందే దొరకునని మాకు తోచినది. కావున నీ వ్యాసమున రెండు స్వీయచరిత్రములను ప్రక్కప్రక్కన నుంచి విమర్శింప దలచితిమి. ఒకటి 1764వ సంవత్సరమున ఇంగ్లండులో వెలువడిన జాన్ న్యూటను ఆత్మకథ. రెండవది జాన్ ఊల్మను దినచర్య. ఇది గ్రంథకర్త మరణించిన రెండేండ్లకు, 1774లో, అమెరికాలో అచ్చయ్యెను. ఊల్మను 1720లోను, న్యూటను 1725లోను జన్మించిరి. ఇరువురును భక్తులే. ఇరువురి కాలమునను మనుష్యులను కొనుట, అమ్ముట లోకమర్యాదగా నుండెను. ఆ మర్యాదయెడ వీరి బుద్ధు లెట్లు మారెనో చూచుటయే మా పని.

ముందుగా మాటలను గూర్చి కొంచెము చెప్పవలసి యున్నది. గ్రీకు మూలమున 'నూస్' అను పదము గలదు. మన తెలుగు బైబిలులో దీనిని 'మనస్సు' అని తెనిగించిరి. అది తప్పనము, తెలుగున మనస్సను మాటకు వ్యాప్తి యెక్కువ. అయినను సంస్కృతము చదివినవారికి మనస్సునకును బుద్ధికిని గల భేదము జ్ఞప్తికి రాక మానదు. కఠోపనిషత్తునందలి రథకల్పనలో మనస్సు కళ్లెము, బుద్ధి సారథి. ఆ దర్శనమును పౌలు దర్శనమును ఒక్కటియే యని మేము చెప్పుట లేదు. కాని పౌలు చెప్పిన 'నూస్' కళ్లెముకంటె సారథికే దగ్గరగా నున్నది. అది తలంచుటకే కాక నిర్ణయించుటకును సాధనము. మనస్సు కరగుట వేరు, బుద్ధి మారుట వేరు. కన్నీరు కార్చిన ప్రతివాడును దారి మార్చుకొనడు.

పరీక్షించుట యని తెలుగున వచ్చినచోట మూలమునందున్న క్రియ లోహముల మేలిమిని నిగ్గు తేల్చుటకు వాడబడునది. కంసాలి బంగారమును ఒరగల్లుపై గీసి చూచుట వంటి పని యది. ఇందొక విశేషము గలదు. ఇదే లేఖలో మొదటి యధ్యాయమున దేవుని ఎరుగ నొల్లనివారి బుద్ధిని వర్ణించుచు, పౌలు ఇదే ధాతువునుండి పుట్టిన మాటను వ్యతిరేకార్థమున వాడెను. అనగా పరీక్షకు నిలువక త్రోసివేయబడిన బుద్ధి యని. అచ్చట బుద్ధియే కల్తీలోహము. ఇచ్చట బుద్ధియే ఒరగల్లు. మొదటి యధ్యాయమునుండి పండ్రెండవ యధ్యాయమువరకు నడచిన దూరమంతయు ఈ రెండు మాటల నడుమ నున్నది. మరియు మార్పునుగూర్చిన క్రియ వర్తమానార్థకమైన విధిరూపము. ఒకనాటితో ముగియునది కాదు; మారుచునే యుండవలయునని భావము. దానికి ప్రయోగము కర్మణి. మారువాడు మనుష్యుడైనను మార్చువాడు దేవుడని భక్తు లందుచేతనే చెప్పుదురు.

ఇంక 'లోకమర్యాద' యను మాట. మూలమున 'ఈ యుగము' అను నర్థమిచ్చు పదమున్నది. తెలుగువారు మర్యాద యనుట మాకెంతో నచ్చినది. మర్యాద యనగా హద్దు, ఆచారము, పదిమందిలో గౌరవము. చెడుగు చెడుగు వేషముతో వచ్చినచో పసివాడైనను గుర్తించును. మర్యాద వేషముతో, పెద్దల యనుమతితో, చట్టముయొక్క ముద్రతో వచ్చిన చెడుగును గుర్తించుటకే క్రొత్త బుద్ధి కావలయును.

న్యూటను గ్రంథము ఉత్తరముల రూపమున నున్నది. కథనము మిక్కిలి చురుకైనది. బాల్యమున తల్లి మరణము, ఓడలపై దుష్ప్రవర్తన, ఆఫ్రికా తీరమున నొక వర్తకునియొద్ద పడిన దుర్దశ, 1748 మార్చినెలలో అట్లాంటికు మహాసముద్రమున తుపాను, మునుగుచున్న యోడలో దేవుని తలంచుట — ఇవన్నియు చదువరిని చేయిపట్టి లాగుకొని పోవును. ఆ తుపాను దినమును న్యూటను జీవితాంతము స్మరించెను. అయితే ఆ తరువాత నేమి జరిగెను? అతడు బానిసల యోడపై ఉద్యోగిగా పోయెను. 1750 మొదలు 1754 వరకు తానే నాయకుడై మూడు ప్రయాణములు చేసెను. ఆదివారములందు నావికులను చేర్చి ప్రార్థనలు జరిపెను. ఓడలో కూర్చుండి లాటిను చదివెను. భార్యకు ప్రేమతో ఉత్తరములు వ్రాసెను. అతని కాళ్లక్రింద, ఓడగర్భమున, మనుష్యులు గొలుసులతో కట్టబడి యుండిరి.

అతడు కపటియని యెవరైన ననవచ్చును. మేమట్లనము. అతని భక్తి నిజమైనదే. అందుచేతనే యీ చరిత్రము భయము పుట్టించుచున్నది. ఆ కాలమున ఆ వృత్తి న్యాయమా కాదా యను సందేహము తనకు కలుగలేదని అతడే చెప్పుకొనెను. అది దైవము తనకు నియమించిన వృత్తియని తలంచెను. తాను చెరసాల కాపరివంటివాడనని మాత్రమొక యసహ్యము అప్పుడప్పుడు కలుగుచుండెననియు, ఇంతకంటె మెత్తనైన పని దొరకునట్లు ప్రార్థించితిననియు వ్రాసెను. చదువరులు ఈ స్థలమున నొక నిమిషము నిలువవలయును. అతని మనస్సు మూల్గినది. కాని యా మూల్గును బుద్ధి విచారణకు తీసికొనలేదు. తనకు వేరు పని నిమ్మని దేవుని అడిగెనే గాని, ఈ పని నీ చిత్తమేనా యని యడుగలేదు. తుదకు 1754లో ఓడ కదలబోవుటకు ముందు ఆకస్మికముగా జబ్బుపడుటచేత సముద్రము విడిచెను. అంతరాత్మ చెప్పుటచేత కాదు.

ఈ గ్రంథముననే మరియొక స్థలము గలదు. ఆఫ్రికాలో తాను ఆకలితో, జ్వరముతో పడియున్న దినములలో, గొలుసులతోనున్న బానిసలు తమ కొద్దిపాటి తిండిలోనుండి రహస్యముగా తెచ్చి తనకు పెట్టిరని న్యూటను వ్రాసెను. ఒక వాక్యముతో ఆ సంగతి ముగిసినది. ఇంతటి గ్రంథమున మాకు మిక్కిలి బరువుగా తోచిన వాక్యమదియే. గ్రంథకర్తకు మాత్రమట్లు తోచలేదు. అది అతనికి దైవము తన్ను కాపాడిన విధములలో నొకటి మాత్రమే. అన్నము పెట్టిన చేతులు, తరువాత తాను గొలుసు వేసిన చేతులు, ఒకే జాతివారివని చూచుటకు 1764 నాటికిని అతని బుద్ధి సిద్ధము కాలేదు. బంగారము చేతిలో నున్నది, ఒరగల్లు మాత్రము బయటికి తీయలేదు. గ్రంథమునకు సాహిత్యదృష్టిచేతను ఇదియే గొప్ప లోపము. ఇందు న్యూటను ఒక్కడే సంపూర్ణమైన మనుష్యుడు. తక్కినవారు అతని రక్షణకథకు ఉపకరణములు.

అయినను న్యాయము చేయవలయును. పౌలు క్రియను వర్తమానార్థమున వాడెనని పైన చెప్పితిమి. న్యూటను బుద్ధి మారుట మానలేదు. 1764లో అతడు పురోహితుడై ఓల్నీయను ఊర చేరెను. తరువాత లండనునకు పోయెను. 1785లో విల్బర్‌ఫోర్సను యువకుడు రాజకీయములు విడిచి మతసేవకు పోవుదునాయని అడుగవచ్చినప్పుడు, శాసనసభలోనే యుండుమని అతడు బోధించెను. 1788లో బానిస వ్యాపారమును గూర్చి యొక చిన్న పుస్తకమును ప్రకటించెను. తాను చేసిన పనిని దాచక, ఊరకుండుట నేరమగునని చెప్పి, లోకమునెదుట ఒప్పుకొనెను. అందు సహితము మొదట ఇంగ్లీషు నావికుల ప్రాణనష్టమును, వారి హృదయములు రాయి యగుటను చెప్పి, ఆ తరువాతనే ఆఫ్రికావారి బాధకు వచ్చెను. వినువారిని బట్టి వాదక్రమమట్లు పెట్టెనేమో. ఎట్లున్నను, తుపాను దినమునుండి యీ పుస్తకమువరకు నలువది సంవత్సరములు పట్టినవి. 1807 మార్చిలో బ్రిటిషువారు ఆ వ్యాపారమును నిషేధించిరి. ఆ సంవత్సరము డిసెంబరులో న్యూటను మరణించెను. మనస్సు ఒక్క రాత్రి కరగినది. బుద్ధి మారుటకు నలువదియేండ్లు పట్టినది. ఈ నడుమ అతని యోడలలో పోయినవారి కెవరు జవాబు చెప్పుదురు?

ఊల్మను గ్రంథము దీనికి పూర్తిగా భిన్నమైనది. తుపానులు లేవు. శైలి తేటనీరు వంటిది. కొందరికి చప్పగా నుండును. అతడు న్యూజెర్సీ సీమలో, మిత్రసమాజమని పేరుగల క్వేకరుల కుటుంబమున పుట్టి, మౌంటుహాలీ యను ఊర నొక అంగడిలో గుమాస్తాగా నుండెను. యజమాని యొకనాడు ఒక నీగ్రో స్త్రీని అమ్మి, క్రయపత్రము వ్రాయుమని ఆజ్ఞాపించెను. కొనువాడు తమ సమాజమువాడే, వృద్ధుడు. ఊల్మను వ్రాసెను. వ్రాసి, బానిసలను ఉంచుకొనుట క్రైస్తవధర్మమునకు తగదని తాను నమ్ముచున్నట్లు ఇరువురి యెదుటను చెప్పెను. చెప్పినంతమాత్రమున తన భారము కొంత తగ్గినను, వ్రాయకుండ తప్పించుకొనవలసినదని తరువాత తలంచెను. ఈ స్థలమున గ్రంథకర్త తన్ను తాను కాపాడుకొనక యున్నది యున్నట్లు చెప్పెను. అసహ్యము న్యూటనునకును కలిగినది, ఇతనికిని కలిగినది. భేదమేమన, ఇతడు ఆ యసహ్యమును వదలిపెట్టక దానిని ప్రశ్నించెను.

మరల కొంతకాలమునకు ఒక యువకుడు అట్టి పత్రమే వ్రాయుమని కోరెను. ఊల్మను ఈసారి వ్రాయనని మెత్తగా చెప్పెను. తనకును ఆ పద్ధతి అంతగా ఇష్టము లేదనియు, అయితే ఆ బానిస తన భార్యకు కానుకగా వచ్చినది గనుక స్వీకరించితిననియు ఆ యువకుడు బదులు చెప్పెను. 'కానుకగా వచ్చినది' — లోకమర్యాద మాటలాడు భాష ఇట్టిదే. మరియొక పొరుగువాడు గాయపడి పిలిపించి, మరణశాసనము వ్రాయుమని కోరగా, ఊల్మను తక్కినదంతయు వ్రాసి, బానిసను గూర్చిన భాగము మాత్రము వదలి, కాగితమును అతని మంచమువద్దకు తీసికొనిపోయి కారణము చెప్పెను. ఇరువురును మాటలాడుకొనిరి. తుదకు ఆ పొరుగువాడు ఆమెను విడిచిపెట్టుట కొప్పుకొనెను. ఊల్మను శాసనమును పూర్తిచేసెను. ఇందు ఉపన్యాసము లేదు, తిట్టు లేదు. కలము ఆగినది, అంతియే. ఆ యాగుటయే ఒరగల్లుపై గీత.

ఇతని గ్రంథమునకును లోపములు గలవు. మొదట అమ్మబడిన ఆ స్త్రీ పేరేమో ఇందు లేదు. ఆమె యేమయ్యెనో లేదు. రంగువేసిన బట్టలు మానుట, ఓడలో అలంకారములున్న గది వదలి నావికుల నడుమ చీకటిలో పరుండుట మొదలగునవి చదివి, ఇది అతిసూక్ష్మమైన శంకయని కొందరు నవ్వుదురు. మాకును మొదట నట్లే తోచెను. కాని బానిసలున్న ఇండ్లలో అతిథిగా దిగినప్పుడు, ఊరక భోజనము చేయుట వారి కష్టమును దొంగిలించుటయని యెంచి, ఆ బానిసలకు ముట్టునట్లు వెండినాణెములిచ్చి పోయెనని చదివినప్పుడు మా నవ్వు నిలిచినది. ఇతనికి చిన్నదియు పెద్దదియు నను భేదము లేదు. తన సౌఖ్యమునకు వెల యెవరు చెల్లించుచున్నారను ప్రశ్న యొక్కటియే గలదు. ఆ ప్రశ్నను అంగడినుండి మంచమువరకు, మంచమునుండి బట్టవరకు విడువక అడిగెను. అంగడిలో లాభము పెరుగుచుండగా దానిని తగ్గించుకొని, కుట్టుపనితోను తోటపనితోను జీవించెను. 1758లో ఫిలడెల్ఫియాలో జరిగిన క్వేకరుల వార్షికసభ బానిసలుగల సభ్యుల ఇండ్లకు పోయి నచ్చజెప్పుటకు మనుష్యులను నియమింపగా, అందితడు నొకడు. 1776లో ఆ సభ బానిసలను ఉంచుకొనుటనే నిషేధించెను. అప్పటికి ఊల్మను లేడు. 1772లో ఇంగ్లండునందలి యార్కు నగరమున మసూచికముచేత మరణించెను.

దైవచిత్తమును ఎరుగుట వేరు, ప్రేమించుట వేరు అని కొందరు వాదింతురు. ఎరిగినంతమాత్రమున మనుష్యుడు చేయడు గనుక ఆ వాదమున కొంత బలము గలదు. కాని యీ రెండు చరిత్రములను చదివిన తరువాత, ప్రేమింపనిదే ఎరుగుటయు సాధ్యము కాదని మాకు తోచుచున్నది. న్యూటను దైవచిత్తమును తనకు జరుగుచున్నవానియందు వెదకెను. ఉద్యోగము దొరకినది గనుక దైవసంకల్పము. తుపాను దాటినది గనుక దైవసంకల్పము. జరిగినదంతయు దైవచిత్తమేయన్నచో పరీక్షింపవలసినదేమియు మిగులదు. బలవంతుడు చేసినదే వేదమగును. 'అంతా దైవేచ్ఛ' యని నిట్టూర్చి కూర్చుండు మన యింటిమాటయు నట్టిదే. ఊల్మను దైవచిత్తమును తనకు లాభములేనిచోట వెదకెను. 1763లో యుద్ధభయమున్న కాలమున, సుస్క్వెహానా నదీతీరమునందలి వయలూసింగునకు, అచ్చటి ఆదిమజనుల చూడబోయినప్పుడు, తన్ను మొదట కదిలించినది ప్రేమయే యనియు, వారి జీవితమును తెలిసికొని వారినుండి నేర్చుకొన గోరితిననియు వ్రాసెను. బోధింపబోవు వారు పెక్కుమంది, నేర్చుకొనబోవువారు అరుదు.

1770లో అతనికి తీవ్రమైన జబ్బు చేసెను. ఆ జ్వరములో తన పేరు మరచిపోయి, బాధపడుచున్న జనసమూహములో తానును కలిసిపోయినట్లు కనెను. గనులలో క్రైస్తవుల కొరకు ధనము త్రవ్వుచు, ఆ క్రైస్తవుల దేవునే దూషించుచున్న బీదల మాటలు వినెను. జాన్ ఊల్మను చచ్చినాడను మాటయు అతనికి వినబడెను. పిదప దాని కర్థము తన స్వంత చిత్తము చచ్చుటయే యని గ్రహించెను. మతానుభవములను వర్ణించు గ్రంథములు చాల చదివితిమి. అందు భక్తుడు ప్రాయికముగా వెలుగులోనికి, ఒంటరిగా, పైకి పోవును. ఇతడు క్రిందికి, గుంపులోనికి పోయెను. పౌలు రూపాంతరమునకు వాడిన క్రియనే సువార్తలలో క్రీస్తు కొండపై ప్రకాశించినప్పుడును వాడిరి. ఊల్మను రూపాంతరము కొండపై జరుగలేదు, గనిలో జరిగినది. పౌలు వాక్యమునకు మేము చదివిన వ్యాఖ్యానములన్నిటిలో ఇది మిన్న.

పదునెనిమిదవ శతాబ్దపు బానిసత్వమును గూర్చి ఇప్పుడు సరియైన యభిప్రాయము కలిగియుండుట సులభము; దానికి వెల లేదు. కావున న్యూటనును తీర్పుతీర్చి పుస్తకము మూయుట న్యాయము కాదు. మా సంగతి యొకటి చెప్పి ముగింతుము. మా చేతివ్రాత కుదురుగా నుండునని వీధిలో నొక పేరున్నది. కొన్ని యేండ్లక్రిందట ఒక పొరుగువారు, దైవభక్తిగలవారే, కుమారుని పెండ్లికి ముందు కట్నకానుకల పట్టికను రెండు ప్రతులుగా వ్రాసిపెట్టుమని మమ్ము కోరిరి. కట్నమును 1961వ సంవత్సరపు చట్టము నిషేధించినదని మేమెరుగుదుము. తరగతిలో పిల్లలకు చెప్పుచునే యున్నాము. అయినను పెద్దమనుష్యులు అడిగినప్పుడు కాదనుట మర్యాద కాదని వ్రాసితిమి. పెండ్లికూతురి తండ్రి ఆ పట్టికను తీసికొని, అక్షరములు ముత్యములవలె నున్నవని మెచ్చుకొనెను. అప్పుడతని ముఖమును మేము చూడలేదు.

ఊల్మను గ్రంథమును ఆ తరువాతనే చదివితిమి. ఈ వేసవిలో మరియొకరు అట్టి పనికే వచ్చి, ఇది కట్నము కాదనియు, పిల్లకు పుట్టింటివారు ఇచ్చుకొను కానుక మాత్రమే యనియు చెప్పిరి. మేము వ్రాయమంటిమి. వారు నొచ్చుకొని వెడలిపోయిరి. పట్టికను వేరొకరిచేత వ్రాయించుకొనిరని వింటిమి. పెండ్లి జరిగినది. లోకము మారలేదు. కాని మొదటి పట్టిక వ్రాసిననాడు మాకు కలిగిన యసహ్యమునకు అర్థమేమో ఇప్పుడు తెలిసినది. అది మనస్సుయొక్క బలహీనత కాదు. బుద్ధి మేలుకొనుటకు వచ్చిన పిలుపు. చదువరులకు అట్టి పిలుపు కలిగినప్పుడు, వేరు పని దొరకునట్లు ప్రార్థించి ఊరకుండక, చేతిలోనున్న కలమును ఒకసారి క్రింద పెట్టి చూతురుగాక.